మద్రాసు రెజిమెంటు రద్దు, పునరుద్ధరణ: పశ్చిమ గోదావరి నేపథ్యం

తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అన్న వ్యవహారనామం స్థిరపడింది. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ, స్వాతంత్ర్యానంతరమూ ఆ గ్రామ యువకులు తరతరాలుగా సైన్యంలో చేరుతూ వచ్చారు. అయితే ఈ పరంపరను గ్రామస్థుల సహజ శౌర్యంతో వివరించి ఊరుకోవడం చరిత్రకు చాలదు. తెలుగువారు యుద్ధానికి తగరని వలస ప్రభుత్వం ఒకప్పుడు నిర్ణయించింది. ఆ నిర్ణయం ఎలా పుట్టిందో, ఎలా వీగిపోయిందో మద్రాసు రెజిమెంటు చరిత్ర తెలుపుతుంది.

1758లో స్ట్రింగర్ లారెన్స్ మద్రాసు సిపాయి కంపెనీలను బెటాలియన్లుగా కూర్చాడు. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత కోస్తా తెలుగువారు ఈ సైన్యంలో ముఖ్యభాగమయ్యారు. 1857 తిరుగుబాటులో మద్రాసు సైన్యం చాలావరకు ప్రభుత్వం పక్షాననే నిలిచింది. అయినా 1881–85 మధ్య మద్రాసు సేనాధిపతిగా, ఆపైన 1893 వరకు భారత సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దీర్ఘకాల శాంతి వల్ల దక్షిణాది సైనికుడు పోరాటపటిమ కోల్పోయాడని వాదించాడు. ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం బలపడిన కొద్దీ పదాతిదళంలో తెలుగువారి చేరిక క్షీణించింది.

ఈ వాదన పరిస్థితిని స్వభావంగా పొరబడింది. అప్పటికి యుద్ధరంగం వాయవ్య సరిహద్దుకు మారింది. దక్షిణాది పటాలాలకు పోరాటానుభవం గడించే అవకాశం తగ్గింది. మరోవైపు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, తాడేపల్లిగూడెం మీదుగా సాగే ఏలూరు కాలువ వంటి కాలువల వల్ల కొల్లేరు దాకా వ్యవసాయం విస్తరించింది. సేద్యం జీవనాధారం చూపిన చోట సిపాయి జీతానికి ఆకర్షణ తగ్గడం సహజమని భావించవచ్చు. దీనిని పిరికితనంగా లెక్కించడానికి ఆధారం లేదు.

మొదటి ప్రపంచ యుద్ధావసరం ఈ వడపోతను కొంత సడలించింది. కాని ఆ సడలింపు నిలవలేదు. 1922 పునర్వ్యవస్థీకరణలో ఏర్పడిన 3వ మద్రాసు రెజిమెంటు క్రమబద్ధ బెటాలియన్లు 1923–28 మధ్య, పొదుపు పేరిట, రద్దయ్యాయి. ప్రాదేశిక దళాలు మాత్రం మిగిలాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో వాటి ఆధారంగానే రెజిమెంటు మళ్లీ రూపుదిద్దుకుంది. 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు చేరింది. ఇంతటి విస్తరణలో ‘జాతి’ పరీక్ష నిలవలేకపోయింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడడంతో యుద్ధం కోస్తా ముంగిటికి వచ్చింది. తాడేపల్లిగూడెంలోని విమాన రన్‌వే ఆ యుద్ధకాలపు అవశేషమే. మద్రాసు బెటాలియన్లు బర్మా రంగంలో పోరాడాయి.

యుద్ధానంతరం రెజిమెంటు రద్దు కాలేదు. నీలగిరులలోని వెల్లింగ్టన్ దాని శిక్షణ కేంద్రమైంది. 1948లో కశ్మీరులోని తిథ్వాల్, 1965లో మహారాజ్‌కే, 1971లో బసంతర్ నది పోరాటాలు దాని యుద్ధగౌరవాలలో చేరాయి. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ సైనికులు కలిసి సాధించిన ఈ ఫలితాల ముందు రాబర్ట్స్ తీర్పు నిలవదు.

ఒక ప్రజాసమూహం సైన్యంలో కనిపించడం, కనిపించకపోవడం దాని నైజానికి కొలమానం కాదు. భర్తీ విధానానికీ, గ్రామీణ ఆర్థిక స్థితికీ సూచిక. రెజిమెంటు చరిత్రలు బెటాలియన్లను లెక్కిస్తాయి, గ్రామాలను కాదు. ఆ లోపాన్ని పూరించగలిగినవి సైనిక కుటుంబాల వద్ద మిగిలిన విడుదల పత్రాలు, పింఛను కాగితాలు, ఉత్తరాలు. యుద్ధతరం దాదాపు కనుమరుగైన ఈ దశలో వాటి సేకరణ ప్రాంతీయ చరిత్రకారుల తక్షణ కర్తవ్యం.