పెరిమెనోపాజ్: ఒళ్లంతా ఆవిర్లు.. ఎండ వల్లే అనుకుంటున్నారా? హార్మోన్ థెరపీ ఎవరికి, ఎప్పుడు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లు. అందుకే 45 ఏళ్ల మహిళకు ఉన్నట్టుండి ముఖం వేడెక్కి చెమటలు పడితే 'ఎండ దెబ్బ' అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. మరి డిసెంబర్ రాత్రి కూడా దుప్పటి తడిసేలా చెమట పడితే? అది పెరిమెనోపాజ్ కావచ్చు. థైరాయిడ్ వంటి సమస్యలు కూడా కావచ్చు కాబట్టి డాక్టర్‌కు చూపించుకోవాల్సిందే.

అసలేంటిది?
ముట్టు పూర్తిగా ఆగే ముందు కొన్నేళ్లు ఈస్ట్రోజెన్ హార్మోన్ ఎక్కువ తక్కువలు అవుతుంది. పీరియడ్స్ గతి తప్పడం, ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, చిరాకు కనిపిస్తాయి. వరుసగా 12 నెలలు పీరియడ్స్ రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు.

గర్భసంచి తీసేస్తే సరిపోతుందా?
ఏపీలో ఇదే పెద్ద సమస్య. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో దేశంలో సుమారు 3 శాతం మందికి గర్భసంచి తీసేస్తే, మన రాష్ట్రంలో అది దాదాపు 9 శాతం. ఆపరేషన్‌తో బ్లీడింగ్ ఆగుతుంది కానీ ఆవిర్లు తగ్గవు. అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ వెంటనే వచ్చేస్తుంది. అవసరం లేని ఈ ఆపరేషన్లను అరికట్టాలని 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను ఆదేశించింది.

క్యాన్సర్ వస్తుందా?
2002లో అమెరికా అధ్యయనం ఒకటి ఈ భయం పుట్టించింది. రెండు హార్మోన్లూ వాడినవారిలో ఏడాదికి 10 వేల మందికి 8 రొమ్ము క్యాన్సర్ కేసులు అదనంగా కనిపించాయి. అయితే ఆ మహిళల సగటు వయసు 63. అరవై లోపు, లేదా ముట్టు ఆగిన పదేళ్లలోపు మొదలుపెడితే చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. ఎముకలకూ బలం.

ఎలా వాడతారు?
గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టరాన్ తప్పనిసరి. లేదంటే గర్భసంచి పొరలో క్యాన్సర్ ముప్పు. తీసేసినవారికి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. మాత్రల కంటే చర్మానికి రాసే జెల్, ప్యాచ్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. ఇది గర్భనిరోధక మందు కాదు, మర్చిపోవద్దు.

ఎవరు వాడకూడదు?
రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, రక్తం గడ్డకట్టే సమస్య, తీవ్రమైన లివర్ జబ్బు, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నవారు సాధారణంగా వాడకూడదు.

మెడికల్ షాపులో అడిగి కొనే మందు కాదిది. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి, పులివెందుల ప్రభుత్వాసుపత్రి, కడప రిమ్స్.. ఏది దగ్గరైతే అక్కడ గైనకాలజిస్టును కలవండి. ఆపరేషన్ అంటే మాత్రం 'మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా?' అని తప్పకుండా అడగండి.