ఆట మనది, మైకు ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, తీరికగ చదవండి.

హాస్టల్ జట్టు గెలిచినప్పుడు మైకులో వచ్చే మాట మనందరికీ ఎరుకే. "ఎస్టీ హాస్టల్ టీం గెలిచింది." అంతే. అవతలి జట్టుకు మాత్రం కెప్టెన్ పేరు, గోలు కొట్టిన పిల్లగాని పేరు, ఆఖరికి వాళ్ళ సార్ పేరు కూడ చదువుతరు. మన పదకొండు మందికీ కలిపి ఒక్కటే పేరు. ఆటలను మైకులో, టీవీలో చెప్పుడు ఎట్ల మొదలైంది, అది మనదాక ఎందుకు రాలేదు అని మేం కొన్ని రోజుల సంది చదువుతున్నం. తెలిసింది ఇక్కడ రాస్తున్నం.

నిజానికి ఊరూరు తిరిగి పేర్లు చెప్పుడు మనోళ్ళకు కొత్త కాదు. గోండుల ఇండ్లకు పర్ధాన్లు, తోటీలు కిక్రి పట్టుకొని వచ్చి వంశాల కథలు చెప్పేది. లంబాడీలకు డాడీలు, భాట్లు ఉన్నరు. కోయల డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య తాత సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషల, తెలుగుల రెండింట్ల చెప్పేటోడు. 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. ఎవరిది ఏ గోత్రం, ఎవరు ఎవరితోని కొట్లాడిన్రు అని పేరుపేరున చెప్పుడే గదా వాళ్ళ పని. పేరు మింగేసి "ఫలానా గూడెపోళ్ళు గెలిచిన్రు" అంటే పెద్దమనుషులు ఊకుంటరా?

ఇంక రేడియో సంగతి. హైదరాబాద్‌ల నిజాం కాలంల, 1935ల దక్కన్ రేడియో మొదలైంది. 1950ల అది ఆకాశవాణిల కలిసింది. అవే రోజుల్లో ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ పెట్టింది పేరు. బడిపంతులుగ పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సార్ కోచ్‌గ ఉన్నప్పుడు మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానంల నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ల దక్షిణ కొరియాను 2-1తోని ఓడగొట్టి బంగారు పతకం తెచ్చింది. అప్పటికి దేశంల టీవీ అంటే ఢిల్లీల 1959ల మొదలైన చిన్న కేంద్రం ఒక్కటే. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరుల వచ్చింది. అప్పటికి రహీం సార్ పోయి 14 ఏండ్లు. చూడదగ్గ ఆట ఉన్నప్పుడు చూపించే డబ్బా లేకపాయె.

1975 హాకీ ప్రపంచ కప్పు ఫైనల్ల పాకిస్తాన్‌ను గెలిచినప్పుడు హిందీల జస్‌దేవ్ సింగ్ గొంతు దేశమంత విన్నది. తెలుగు చాలా వెనుక వచ్చింది. స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానెల్ వచ్చింది 2018 డిసెంబరుల. గోండి, లంబాడీ సంగతి ఇంక అడగనే వద్దు.

బడి పిల్లల ఆటలకు వస్తే జపాన్‌ను చూడాలె. అక్కడ హైస్కూల్ బేస్‌బాల్ పోటీలను 1927లనే రేడియోల లైవ్ ఇచ్చిన్రు, 1953 సంది టీవీల ఇస్తున్నరు. గెలిచిన బడి పాటను మైదానంల వేస్తరు. అమెరికాల శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ చెప్పనీకి లోకల్ స్టేషనోళ్ళు జట్టు వెంబడి ఊర్లు తిరుగుతరు (వాళ్ళ ఫుట్‌బాల్ ఎక్కువ చేతులతోనే, అది వేరే ముచ్చట). మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954ల, బడి ఫుట్‌బాల్‌కు సుబ్రతో కప్పు 1960ల మొదలైనయి. 2018 జనవరి 31న ఢిల్లీల షురువైన ఖేలో ఇండియా స్కూల్ గేమ్స్‌ను స్టార్ స్పోర్ట్స్‌ల లైవ్ చూపించిన్రు. 17 ఏండ్ల లోపు పిల్లలకు 16 ఆటలు, అందుల ఫుట్‌బాల్ ఒకటి.

అది ఢిల్లీ. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 అక్టోబరు దాక ఒక్క కరీంనగర్ జిల్లానే. జిల్లాలు విడిపోయినంక సిరిసిల్ల వేరు పడ్డది. బీర్పూర్ గోండు పిల్లలు ఒక దిక్కు, వీర్నపల్లి, రుద్రంగి తండాల పిల్లలు ఒక దిక్కు ఆడుతున్నరు. అందుకే మేం తిరుగుతున్నం. జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సు, అక్కడికెళ్ళి కథలాపూర్ మీదుగ వేములవాడ, అటెన్క సిరిసిల్ల. ఒక ఫోను, ఒక స్టాండు, సౌండ్ బాక్సు కిరాయిది. లోకల్ కేబులోళ్ళు ఒప్పుకుంటే టీవీల, లేకుంటే ఫోన్ల లైవ్.

కబడ్డీ చెప్పుడు అల్కగ ఉంటది, కూతకు పోయేటోడు ఒక్కడే కాబట్టి. ఫుట్‌బాల్ అట్ల కాదు. 22 మంది, బంతి ఆగదు, మన పిల్లల బనియన్లకు నంబర్లుండవు, ఉంటే ఇద్దరికి 7 ఉంటది. ఒక్క జట్టుల ముగ్గురు గుగులోత్‌లు ఉంటే ఇంటిపేరుతోని పని నడవది. జుట్టు, బూట్ల రంగు రాసుకుంటం. మెస్రం, సిడాం, ధరావత్ అని సరిగ్గ పలికిన రోజు, గీత బయట నిలబడ్డ తల్లులు మా దిక్కు తిరిగి చూస్తరు. ఆ వీడియోలను పిల్లలు దాచుకుంటున్నరు. ఎంపికలకు పోయినప్పుడు "నేను ఆడిన" అని చూపించనీకి వాళ్ళ దగ్గర ఇంకేం ఉన్నది?

వచ్చే ఆటలు కోరుట్లల ఉన్నయి. ఆడేటోళ్ళు మీ పేరు, ఇంటిపేరు ఇంట్ల ఎట్ల పిలుస్తరో అట్లనే వాయిస్ మెసేజ్ పెట్టండి. గోండి, లంబాడీ రెండూ మాట్లాడగలిగే చెల్లెలు ఎవరన్న ఉంటే మైకు పట్టనీకి రావాలె. మాల ఇద్దరి గొంతు ఇప్పటికే పోయింది.