డే కేర్‌లో చేరిన పసిపిల్లలకు నిద్ర ఎందుకు చెదురుతుంది? తల్లిదండ్రులు ఏం చేయాలి?

హైదరాబాద్: అబిడ్స్, నాంపల్లిలోని ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, షాపుల్లో పనిచేసే తల్లులకు ప్రసూతి సెలవు అయిపోతోందంటే ఒకటే బెంగ. బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలి? ఇంట్లో నానీ, దాదీ ఉంటే సరే, లేకుంటే డే కేరే దిక్కు. చేర్చిన మొదటి వారాల్లో చాలామంది పిల్లలు రాత్రి పదేపదే లేస్తారు, సాయంత్రం చిరాకు పడతారు, చంక దిగరు. ఇది బిడ్డ మొండితనం కాదు, తల్లి తప్పు అంతకన్నా కాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఒత్తిడికి గురైనప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. మామూలుగా ఇది ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. డే కేర్‌లో ఉన్న రోజుల్లో చాలామంది చిన్నపిల్లల్లో మధ్యాహ్నానికి తగ్గాల్సింది పెరుగుతున్నట్టు పరిశోధకులు గుర్తించారు.

జర్మనీలోని బెర్లిన్‌లో 15 నెలల వయసున్న 70 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. తల్లి వదిలి వెళ్లిన తొలి రోజుల్లో వారి కార్టిసాల్ ఇంట్లో ఉన్నప్పటికంటే 75 నుంచి 100 శాతం ఎక్కువగా ఉంది. అయితే అలవాటు కోసం తల్లి కూడా పక్కనే కూర్చున్న రోజుల్లో, తల్లితో గట్టి అనుబంధం ఉన్న పిల్లల్లో ఇది తక్కువగానే ఉంది. అంటే మొదటి రోజే గేటు దగ్గర వదిలేసి రావడం కంటే మెల్లగా అలవాటు చేయడం మేలు.

నిద్ర సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 4 నుంచి 11 నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. డే కేర్‌లో వెలుతురు, ఇతర పిల్లల ఏడుపు వల్ల పగటి నిద్ర తగ్గవచ్చు. పగలు సరిగ్గా పాలు తాగని బిడ్డ ఆ లోటును రాత్రి తీర్చుకుంటుంది. అందుకే మాటిమాటికీ లేస్తుంది.

చట్టం ఏమంటోంది?

2017 సవరణ ప్రకారం అర్హత ఉన్న మహిళలకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, తిరిగి డ్యూటీలో చేరేసరికి బిడ్డకు నాలుగు నెలలే. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. కానీ అబిడ్స్‌లోని చిన్న షాపుల్లో అంతమంది స్టాఫ్ ఉండరు. అక్కడ పనిచేసే తల్లులు సొంతంగా ఏర్పాటు చేసుకోక తప్పదు.

ఇలా చేస్తే మేలు

* డ్యూటీలో చేరడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టండి. మొదట గంట, తర్వాత రెండు గంటలు, ఆపై సగం రోజు.
* రోజూ ఒకే ఆయా బిడ్డను చూసుకుంటారా, ఆమె ఎంతమందిని చూస్తున్నారు అని అడగండి.
* బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలని, నిద్ర కోసం ఎలాంటి సిరప్ ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పండి.
* చెప్పకుండా జారుకోవద్దు. సలాం చెప్పి, ముద్దుపెట్టి బయల్దేరండి.
* రంజాన్‌లో సహర్, తరావీహ్ వల్ల ఇంటి టైమింగ్స్ మారతాయి. వీలైతే ఆ నెలలో కొత్తగా చేర్చకండి.
* సాయంత్రం ఇంటికి రాగానే పనులు కాసేపు పక్కన పెట్టి బిడ్డను ఒళ్లో పెట్టుకోండి. రాత్రి పడుకునే వేళ మార్చకండి. అబ్బా కూడా ఈ బాధ్యత పంచుకోవాలి.

చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో సర్దుకుంటారు. పాలు మానేసినా, బరువు తగ్గినా, జ్వరం వచ్చినా, రోజంతా మందకొడిగా ఉన్నా దాన్ని అలవాటు సమస్య అనుకుని ఆగొద్దు. పిల్లల డాక్టర్‌కు చూపించండి. నాంపల్లికి దగ్గర్లో రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది.