నెత్తుటి జాడ

1970వ సంవత్సరంలో ఇంగ్లండు వాయవ్య తీరాన బ్లాక్‌పూల్ పట్టణం దగ్గర, హై ఫర్లాంగ్ అనే చోట, భూమిలోనుండి ఒక పెద్ద జంతువు ఎముకలు బయటపడినవి. అది ఎల్క్ అనే జింక. జింకల కుటుంబంలోకెల్ల పెద్ద జాతి ఇదే. నార్వే, స్వీడన్, కెనడా అడవులలో ఈ జాతి నేటికీ ఉన్నది. ఈ ఎముకలు సుమారు 13,500 ఏండ్ల నాటివని శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. ఆనాడు అక్కడ ఒక చెరువు ఉండేది. ఎముకల నడుమ, ముండ్లవంటి పండ్లు చెక్కిన రెండు ఎముక మొనలు కూడ దొరికినవి. ఒకటి ప్రక్కటెముకల దగ్గర, మరొకటి వెనుకకాలి ఎముకకు ఆనుకొని ఉన్నవి. అవి బహుశా ఈటెల మొనలే గాని అమ్ముల ములుకులు కావు. అయినా అవి చెప్పే కథ విలుకాని కథే.

ఆ జింక ఎముకల మీద అనేక గాయపు గుర్తులున్నవి. వాటిలో కొన్నిచోట్ల ఎముక మరల పెరగడం మొదలైనది. చచ్చిన జంతువు ఎముక పెరగదు గదా! కనుక మొదటి దెబ్బ తగిలిన తరువాత ఆ జింక ఒకటి మొదలు మూడు వారాల వరకు బ్రతికినదన్నమాట. తరువాత మళ్ళీ వేటగాండ్ల కంటబడి, కొత్త గాయాలు పొంది, చెరువులో పడి మునిగిపోయినది. రెండుసార్లు కొట్టినా మనుష్యులకు మాంసం దక్కలేదు.

డెన్మార్కులోని వీగ్ అనే చోట 1905లో ఇట్టి ఉదాహరణే దొరికినది. అది జింక కాదు, ఆరాక్స్ అనే అడవి ఎద్దు. కాలం పదివేల ఏండ్లకు పైమాట. దాని ప్రక్కటెముకలలో చెకుముకి ములుకులు దిగిన గాయాలున్నవి. వాటిలో ఒకటి పూర్తిగా మానిన పాత గాయం, మరొకటి మానడానికి వ్యవధి లేని కొత్త గాయం. ఆ ఎద్దు కూడ నీటిలోనే ప్రాణం విడిచినది. ఇందులో ఒక చిత్రమున్నది. వేటగానికి చిక్కిన జంతువును ఆనాటి వారు కోసి, ఎముకలు పగులగొట్టి, లోని మూలుగ కూడ తినివేసేవారు. దాని ఆనవాలు చెల్లాచెదరుగా తప్ప మిగలదు. వేటగానికి చిక్కక పోయిన జంతువే మొత్తం అస్థిపంజరంతో చరిత్రకు చిక్కినది.

తగిలిన జంతువు ఎందుకు తప్పించుకొనును? బాణం చంపే తీరు వేరు. వేగంగా వచ్చే తుపాకి గుండు తన చుట్టూ ఉన్న కండను కూడ బలంగా నెట్టి చీల్చును. బాణం వేగం దానిలో చాల కొద్ది భాగం. అది తాను పోయిన దారిలో మాత్రమే కోయును. ఆ కోత పెద్ద రక్తనాళాన్ని గాని, గుండెను గాని, ఊపిరితిత్తులను గాని తెంచినప్పుడు నెత్తురు కారిపోయి జంతువు పడిపోవును. పాలిచ్చే జంతువుల శరీరంలో నెత్తురు బరువు, మొత్తం బరువులో నూటికి ఏడెనిమిది పాళ్ళు. అరువది కిలోల జింకలో సుమారు నాలుగున్నర లీటర్లు ఉండును. అందులో మూడవవంతు, అనగా ఒకటిన్నర లీటరు, త్వరగా పోయినప్పుడు అది నిలువలేదు. గురి తప్పి పొట్టలోనో, తొడ కండలోనో దిగినప్పుడు అంత నెత్తురు త్వరగా పోదు. పైగా భయపడిన జింక ప్లీహం ముడుచుకొని, నిలువ ఉంచుకొన్న ఎర్రకణాలను రక్తంలోకి వదలును. జింక పరుగుకు ఇది గొప్ప సాయం.

అందుచేత జాడ తీసే విద్యలో మొదటి పాఠం పరుగెత్తకపోవడం. గాయపడిన జింకను ఎవరూ తరుమకపోతే, కొంతదూరం పోయి పొదలో పడుకొనును. అక్కడే బిగుసుకొనిపోయి చచ్చును. తరిమితే లేచి మరల పరుగెత్తును. ఆ రెండవ పరుగులో నెత్తురు చుక్కలు దూరదూరంగా పడి, చివరకు జాడ తెగిపోవును. వేటగాడు మాంసం పోగొట్టుకొనును. జింక మాత్రం రోజుల తరబడి బాధపడి చచ్చును.

మన దేశంలో ఈ తెగిన జాడ కథ తెలియనివారుండరు. ఆదిపర్వంలో పరీక్షిత్తు వేటకు పోయి ఒక మృగాన్ని బాణంతో కొట్టినాడు. అది పడలేదు, పారిపోయినది. రాజు వెంట తరిమినాడు. జాడ తప్పినది. ఆకలిదప్పులతో అలసి శమీకుని ఆశ్రమానికి వచ్చి, మృగమెటు పోయినదని అడిగినాడు. మౌనవ్రతంలో ఉన్న ముని పలుకలేదు. రాజు కోపించి చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడలో వేసినాడు. తరువాత శృంగి శాపం, తక్షకుని కాటు, జనమేజయుని సర్పయాగం. పురాణకథను శరీరశాస్త్రంతో తూచడం న్యాయం కాదు గాని, అనుభవమున్న వేటగాడెవడైనా ఆ కథ విన్నప్పుడు, రాజు ఆగవలసిన చోట తరిమినాడని అనుకొని ఉండును.

అంతకన్న ముఖ్యమైన ప్రస్తావన మనుధర్మశాస్త్రం ఎనిమిదవ అధ్యాయంలో కలదు. అది వ్యవహార నిర్ణయాలను, అనగా తగవుల విచారణను, చెప్పే అధ్యాయం. వేటగాడు నెత్తుటి చుక్కలను బట్టి గాయపడిన మృగం ఉనికిని తెలుసుకొన్నట్లు, రాజు అనుమానం చేత ధర్మమున్న చోటును తెలుసుకోవలెనని అక్కడి భావం. నేటి తెలుగులో అనుమానమనగా సందేహం. శాస్త్రంలో దాని అర్థం వేరు: కనబడే గుర్తును పట్టుకొని కనబడని దానిని నిశ్చయించడం. పొగను చూచి నిప్పున్నదని తెలుసుకోవడం దీనికి తర్కం చెప్పే ఉదాహరణ. స్మృతికారుడు పొగను విడిచి నెత్తుటి చుక్కను తీసుకొన్నాడు. ఇది ఇంకా మేలైన ఉదాహరణమనిపించును. పొగ ఒకచోటనే నిలిచి కనబడును. నెత్తురు చుక్కచుక్కకూ తెగిపోవుచుండును. ప్రతి చుక్క దగ్గర మరల ఊహించవలెను, ఆ ఊహను తరువాతి చుక్కతో సరిచూచుకోవలెను.

విజ్ఞానశాస్త్రం పుట్టుక ఇక్కడే ఉన్నదని వాదించినవాడు దక్షిణ ఆఫ్రికాకు చెందిన లూయీ లీబెన్‌బెర్గ్. ‘జాడ తీసే కళ – విజ్ఞానానికి మూలం’ అనే అర్థం వచ్చే పేరుతో 1990లో ఆయన గ్రంథం వెలువడినది. కలహారి ఎడారి ప్రాంతంలోని సాన్ ప్రజల వేట ఆయన వాదానికి ఆధారం. సాన్‌ల విల్లు చిన్నది. దాని బాణం పెద్ద జంతువును తన బలంతో చంపలేదు. డయాంఫిడియా అనే పెంకుపురుగు పిల్లల శరీరద్రవాన్ని వారు ములికి వెనుకభాగాన పూయుదురు. ఆ విషం ఎర్రకణాలను పగులగొట్టును గాని, మెల్లగా. పెద్ద జంతువు పడిపోవడానికి గంటలే కాదు, ఒక్కొక్కప్పుడు రోజులు పట్టును. బాణం కూడ అతుకుల మీద విడిపోయేటట్లు కట్టబడినది. ములికి ఒంటిలో నిలిచి, కాడ నేల రాలును. రాలిన కాడను చూచి ములికి దిగినదా లేదా అని తెలుసుకొందురు. తరువాత తొందరపడరు. మందలో కలిసిపోయిన ఆ ఒక్క జంతువు అడుగును వందల అడుగులలోనుండి గుర్తించి, మరునాడు దాని వెంట నడుతురు. అది ఎక్కడ కుంటినది, ఎక్కడ పడుకొని లేచినది, ఎండ ఏ వైపున్నప్పుడు ఏ నీడకు పోయినది అన్నది ఇసుకలో చదువుదురు. జాడ చెరిగిపోయిన చోట తామే ఆ జంతువైతే ఎటు పోవుదుమని ఆలోచించి, ఆ దిక్కుకు ముందుగా పోయి చూతురు. అక్కడ అడుగు కనబడకపోతే ఊహ తప్పు. వెనుకకు వచ్చి మరొక ఊహ. ప్రయోగశాలలో పరికల్పనను పరీక్షించే పద్ధతికీ దీనికీ తేడా ఏమున్నదని లీబెన్‌బెర్గ్ ప్రశ్న.

నెత్తుటిని చదవడం వేరొక విద్య. బాణం తగిలిన చోట మొదట వెదకవలసినది బాణమే. దాని మీద నెత్తురు లేత ఎరుపుగా, చిన్న బుడగలతో నురుగు కట్టి ఉన్నచో ఊపిరితిత్తులకు తగిలినది. ప్రాణవాయువు కలిసిన నెత్తురు గనుక ఆ రంగు, గాలి కలిసినది గనుక ఆ నురుగు. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చును. పచ్చని ఆకు పిప్పి అంటి దుర్వాసన ఉన్నచో పొట్టో పేగులో చీలినవి. మొదటిదానికి అరగంట ఆగితే చాలును. రెండవదానికి నాలుగైదు గంటలు, మూడవదానికి ఎనిమిది గంటలకు పైగా ఆగవలెనని నేటి వేటగాండ్ల శిక్షణలో చెప్పుదురు. రాలిన వెంట్రుకలు కూడ సాక్ష్యమే: పొట్ట క్రింది వెంట్రుక తెల్లగా, వీపు వెంట్రుక ముదురుగా ఉండును.

మనిషి కన్ను ఓడిన చోట కుక్క ముక్కు పనికివచ్చినది. ఫ్రాన్సులో ఫోయా ప్రభువు గాస్తోఁ ఫేబస్ 1387లో వేటను గూర్చి పెద్ద గ్రంథం వ్రాయ మొదలుపెట్టినాడు. పగ్గంతో పట్టుకొని నడిపే, మొరుగక జాడ తీసే జాగిలాల పని అందులో వివరంగా ఉన్నది. జర్మనీలో హనోవర్ జాగిలాలను గాయపడిన మృగాలను వెదకడానికే పెంచినారు. అందుకై 1894లో ఒక సంఘం కూడ ఏర్పడినది. ఈ కుక్క నెత్తుటి వాసననే పట్టుకొనునని చాలమంది తలంతురు. జింక గిట్టల సందున గ్రంథులున్నవి. వాటి వాసన అడుగడుగునా నేలకు అంటును. నెత్తురు ఆగిపోయినా కుక్క ఆగకపోవడానికి కారణమిదే. నార్వే, స్వీడన్ దేశాలలో ఎల్క్ వేటకు పోయేవారికి ఇట్టి శిక్షణ పొందిన కుక్క అందుబాటులో ఉండవలెనని నియమం కలదు.

ఇరవయ్యవ శతాబ్దంలో విల్లు తిరిగి రావడం వెనుక ఒక విషాదమున్నది. కాలిఫోర్నియాలోని యాహీ తెగను వలసవచ్చిన తెల్లవారు దాదాపు పూర్తిగా నాశనం చేసినారు. మిగిలిన ఒక్కడు 1911లో ఆరోవిల్ పట్టణం దగ్గర ఆకలితో బయటికి వచ్చినాడు. అతడు తన పేరు చెప్పలేదు. అతని భాషలో మనిషి అని అర్థం వచ్చే ఇషి అనే మాటతోనే అందరూ పిలిచినారు. విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడైన సాక్స్‌టన్ పోప్ అతనికి వైద్యం చేస్తూ, అతని దగ్గర విలువిద్య నేర్చుకొన్నాడు. ఇషి 1916లో క్షయతో మరణించినాడు. పోప్ 1923లో విల్లంబుల వేటను గూర్చి గ్రంథం ప్రకటించినాడు. బాణం చంపేది నెత్తురు కార్చడం వల్లనే అని శస్త్రవైద్యుని చూపుతో ఆయన చెప్పినాడు. అమెరికాలో ఆ గ్రంథం చదివి విల్లు పట్టినవారు ఎందరో.

రసాయనశాస్త్రం కూడ ఈ పనిలో కొంత సాయపడినది. నెత్తుటి మీద హైడ్రోజన్ పెరాక్సైడు పోస్తే బుసబుస నురుగు వచ్చునని, దీనితో నెత్తుటి మరకను గుర్తించవచ్చునని షోన్‌బైన్ 1863లో చూపినాడు. ఎండుటాకు మీది గోధుమరంగు మచ్చ నెత్తురో కాదో తేల్చుకొనడానికి నేటి వేటగాడు చిన్న సీసాతో అదే ద్రవాన్ని వెంట తీసికొనిపోవును. ఆకాశంనుండి వేడిని చూపే కెమెరాలు కూడ వచ్చినవి. ఇన్ని ఉన్నా పని పూర్తి కాలేదు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక నౌకాదళ స్థావరంలో, నేటి విండ్లతో కొట్టిన తెల్లతోక జింకల లెక్కను చాల ఏండ్లు వ్రాసి 2008లో ప్రకటించినారు. కొట్టినవారు బాణప్రయోగ పరీక్షలో నెగ్గినవారే. అయినా తగిలిన జింకలలో నూటికి సుమారు 18 దొరకలేదు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత జింక వేట నేరమైనది. నల్లమల చెంచుల విల్లు, అమ్ములు తరతరాల వేట పనిముట్లు. ఆ వేట నేడు చట్టం ఒప్పనిది. అడుగుజాడ చదివే నేర్పు మాత్రం అడవిశాఖకు అవసరమైనది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచులు కాపలాదారులుగా పనిచేయుచున్నారు. పులి ఎటు పోయినది, ఎప్పుడు పోయినది అన్నది వారు నేలను చూచి అధికారులకు చెప్పుదురు.