డ్రంకెన్ డ్రైవ్‌లో చిక్కిన బండి.. విడిపించుకునేదెలా?
కాగితాలు సిద్ధంగా ఉంటే సగం పని పూర్తయినట్లే
దళారులను ఆశ్రయిస్తే డబ్బూ, కాలమూ వృథా

సూర్యాపేట: తాగేది ఒకరు, బండి మరొకరిది. మేనల్లుడు పెళ్లికని అడిగి తీసుకువెళ్లిన మోటారు సైకిలు, కిరాయికి ఇచ్చిన ఆటో, వాయిదాలు తీరని కారు తెల్లవారేసరికి పోలీసుస్టేషను ఆవరణలో కనిపిస్తాయి. హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి వెంట ఉన్న పల్లెల్లో ఇది కొత్త విషయం కాదు. బండి ఆగితే పాలు కేంద్రానికి చేరవు, కూలీలు పనికి వెళ్లలేరు, ఆటో నడిపేవాని ఇంట ఆనాటి రాబడి ఉండదు. ఇటువంటి సమయంలో ఎవరిని కలవాలో, ఏ కాగితం చూపాలో తెలియక పలువురు దళారుల చేతిలో పడుతున్నారు. ఈ నేపథ్యంలో చట్టం చెబుతున్నదేమిటి, యజమానికి ఉన్న హక్కులేమిటి, బాధ్యతలేమిటి అనే విషయాలపై కథనం.

పరిమితి 30 మిల్లీగ్రాములు
1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షను మద్యం మత్తులో వాహనం నడపడాన్ని నేరంగా పరిగణిస్తోంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటినట్లు శ్వాస పరీక్షలో గాని, ప్రయోగశాల పరీక్షలో గాని తేలితే కేసు నమోదవుతుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం తొలిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.15 వేల జరిమానా లేదా రెండూ ఉంటాయి. సవరణకు ముందు తొలి నేరానికి జరిమానా రూ.2 వేల వరకే ఉండేది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఒకటుంది. హెల్మెట్ లేకపోవడం, సిగ్నల్ దాటడం వంటి వాటికి చలానా కట్టి బయటపడవచ్చు. 185వ సెక్షనుకు ఆ వీలు లేదు. అక్కడికక్కడ రాజీ చేసుకోదగిన నేరాల జాబితాలో ఇది లేదు. జరిమానా ఎంతో నిర్ణయించేది కోర్టు, చెల్లించవలసింది కోర్టులో. కాబట్టి స్టేషనులోనే అంతా ముగిస్తామని ఎవరు డబ్బు అడిగినా అది జరిమానా కాదని గ్రహించాలి.

పట్టుబడిన రాత్రి
శ్వాస పరీక్షకు నిరాకరిస్తే మేలు జరుగుతుందన్న అపోహ పల్లెల్లో బలంగా ఉంది. నిజానికి సరైన కారణం లేకుండా నిరాకరించడం కోర్టులో డ్రైవరుకు వ్యతిరేక సాక్ష్యంగా మారుతుందని 205వ సెక్షను చెబుతోంది. మత్తులో నడుపుతున్న వ్యక్తిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. అయితే అరెస్టు చేసిన రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ వైద్యునితో పరీక్ష చేయించాలి. లేని పక్షంలో విడిచిపెట్టాలని 202వ సెక్షను నిర్దేశిస్తోంది. పరీక్ష యంత్రం చూపిన అంకెను అడిగి చూసుకోవడం, ముద్రిత చీటీ ఇస్తే భద్రపరచుకోవడం మంచిది.

బండిని ఆపే అధికారం ఎంతవరకు?
చాలామందికి తెలియని అంశం ఇదే. పత్రాలు లేని వాహనాలను నిలిపి ఉంచే అధికారాన్ని 207వ సెక్షను పోలీసులకు ఇస్తోంది. రిజిస్ట్రేషను లేకపోవడం, డ్రైవింగ్ లైసెన్సు లేకపోవడం, మైనరు నడపడం, పర్మిటు లేకుండా తిప్పడం వంటివి అందులో ఉన్నాయి. మద్యం సేవించి నడపడం ఆ జాబితాలో లేదు. డ్రైవరును అరెస్టు చేసినప్పుడు బండిని తాత్కాలికంగా భద్రపరిచే చర్యలు తీసుకోవచ్చని మాత్రం 202వ సెక్షను చెబుతోంది.

ఈ తేడాపై దాఖలైన రిట్ పిటిషన్లను విచారించిన తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె.లక్ష్మణ్ 2021 నవంబరులో తీర్పు వెలువరించారు. మద్యం సేవించాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదని స్పష్టం చేస్తూ కొన్ని మార్గదర్శకాలు ఇచ్చారు. వాటి సారాంశం ఇది:

- మత్తులో ఉన్న వ్యక్తిని బండి నడపనివ్వరాదు. వెంట మద్యం తాగని, లైసెన్సు ఉన్న మరో వ్యక్తి ఉంటే బండిని అతనికి అప్పగించాలి.
- అటువంటివారు లేకుంటే బంధువుకు లేదా మిత్రునికి కబురు చేసి, వచ్చినవారికి బండిని ఇవ్వాలి.
- ఎవరూ రాకపోతేనే పోలీసులు బండిని తాత్కాలికంగా సమీప స్టేషనులోగాని, మరో తగిన చోటగాని ఉంచాలి.
- ఆ తరువాత యజమాని గాని, ఆయన అధికారం ఇచ్చిన వ్యక్తి గాని రిజిస్ట్రేషను పత్రం, లైసెన్సు చూపితే విడుదల చేయాలి.
- డ్రైవరుపై లేదా యజమానిపై లేదా ఇద్దరిపై విచారణ అవసరమని అధికారి భావిస్తే బండి పట్టుబడిన నాటి నుంచి మూడు రోజుల్లో మెజిస్ట్రేటు ఎదుట అభియోగపత్రం దాఖలు చేయాలి.

అందువల్ల రాత్రివేళ కబురు అందగానే చేయవలసిన తొలి పని వాగ్వాదం కాదు. లైసెన్సు ఉండి, మద్యం ముట్టని ఒకరిని వెంటనే తనిఖీ జరిగిన చోటికి పంపడం. చాలా సందర్భాల్లో బండి స్టేషను గడప తొక్కకుండానే ఇంటికి చేరే అవకాశం ఉంటుంది. కాని బండికి లేదా నడిపినవానికి కాగితాలు లేకపోతే 207వ సెక్షను వర్తిస్తుంది. అప్పుడు ఆ పత్రాలను అధీకృత అధికారి ఎదుట చూపి విడుదల ఉత్తర్వు పొందవలసి ఉంటుంది.

ఈ తీర్పు తెలంగాణకు సంబంధించినదని సరిహద్దు ప్రజలు గమనించాలి. జగ్గయ్యపేట వాసి బండి కోదాడ వద్ద పట్టుబడితే కేసు, కోర్టు, విడుదల అన్నీ కోదాడ వైపే ఉంటాయి. బండిపై ఆంధ్రప్రదేశ్ నంబరు ఉన్నంత మాత్రాన కేసు సొంత ఊరికి బదిలీ కాదు. ఇక్కడి బండి అవతల పట్టుబడితే అక్కడి కోర్టుకు వెళ్లవలసిందే.

మరునాడు వెంట తీసుకువెళ్లవలసినవి
- రిజిస్ట్రేషను పత్రం (ఆర్‌సీ). డిజీలాకర్‌లోని ప్రతి కూడా చెల్లుతుంది. అయినా నకలు ఒకటి వెంట ఉంచుకోవడం మేలు.
- యజమాని గుర్తింపు పత్రం.
- బీమా, కాలుష్య ధ్రువపత్రాలు. రవాణా వాహనమైతే పర్మిటు, ఫిట్‌నెస్ పత్రాలు.
- బండి నడిపి తీసుకువెళ్లే వ్యక్తి లైసెన్సు.
- యజమాని రాలేకపోతే సంతకంతో కూడిన అధికార లేఖ.
- కోర్టులో కేసు ముగిసి ఉంటే జరిమానా రసీదు, ఉత్తర్వు ప్రతి.

బండిని అప్పగించే ముందు గాని, పట్టుబడిన సమయంలో గాని దాని స్థితిని, మీటరు అంకెను, అదనపు చక్రాన్ని సెల్‌ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోవాలి. లోపల ఉన్న ఎరువుల బస్తాలు, పనిముట్లు, పాసుపుస్తకాల వంటి వాటిని రాయించుకోవాలి. తిరిగి తీసుకునేటప్పుడు వాటిని సరిచూసుకొనిగాని సంతకం చేయరాదు.

కోర్టులో ఏం జరుగుతుంది?
కోర్టుకు రావలసిన తేదీని పోలీసులు తెలియజేస్తారు. ఆ రోజు నిందితుడు స్వయంగా హాజరు కావాలి. నేరాన్ని అంగీకరిస్తే సాధారణంగా అదే రోజు శిక్ష ఖరారవుతుంది. అంగీకరించకపోతే విచారణ జరుగుతుంది, న్యాయవాదిని పెట్టుకోవచ్చు. మద్యం మోతాదు, పాత కేసులు చూసి మెజిస్ట్రేటు జరిమానాతో సరిపెట్టవచ్చు, జైలుకూ పంపవచ్చు. హాజరు కాకపోతే వారంటు జారీ అయ్యే ప్రమాదముంది. కుటుంబ సభ్యుని వెంట తీసుకురావాలని, కౌన్సెలింగ్‌కు హాజరు కావాలని చెప్పే చోట్ల ఆ మాట పాటించడం మంచిది.

పేదలు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవారు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

ప్రమాదం జరిగితే దారి వేరు
మత్తులో ఎవరినైనా ఢీకొట్టి ఉంటే అది కేవలం డ్రంకెన్ డ్రైవ్ కేసుగా మిగలదు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. బండి అప్పుడు కేసులో ఆస్తిగా మారుతుంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు తనిఖీ పూర్తయిన తరువాత యజమాని మెజిస్ట్రేటు కోర్టులో తాత్కాలిక అప్పగింత కోరుతూ పిటిషను వేయాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 497, 503 సెక్షన్లు ఇందుకు వర్తిస్తాయి. అంతకు ముందు ఇవే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 451, 457 సెక్షన్లుగా ఉండేవి.

స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఎండకు, వానకు వదిలివేయడంలో ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. తగిన బాండు, పూచీకత్తు తీసుకొని త్వరగా అప్పగించాలని సూచించింది. పిటిషనులో ఈ తీర్పును ప్రస్తావించడం న్యాయవాదులకు పరిపాటి. బండిని అమ్మరాదని, రూపం మార్చరాదని, పిలిచినప్పుడు కోర్టు ఎదుట హాజరుపరచాలని షరతులు ఉంటాయి. బీమా లేని బండి అయితే బాధితుల పరిహారానికి హామీ కోరే అవకాశముంది.

ఆర్‌సీ పాత యజమాని పేరిట ఉంటే
పల్లెల్లో ఎక్కువమంది చిక్కుల్లో పడుతున్నది ఇక్కడే. తెల్లకాగితంపై రాయించుకొని బండి కొంటారు, పేరు మార్చుకోరు. కొన్నవారు 30 రోజుల్లో, అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని 50వ సెక్షను చెబుతోంది. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో ప్రమాద పరిహారం కేసులో తేల్చింది. ఫలితంగా కొన్నవానికి బండి రాదు, అమ్మినవానికి సమన్లు తప్పవు. బండిని విడిపించుకునేందుకు పాత యజమానిని వెతికి బతిమాలుకోవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. యజమాని మరణించి ఉంటే వారసులు ముందుగా పేరు మార్పిడికి దరఖాస్తు చేసుకోవడం శ్రేయస్కరం.

బండి ఇచ్చిన యజమానీ తప్పించుకోలేడు
తాగి ఉన్నాడని తెలిసీ తాళం చేతిలో పెడితే ప్రేరేపించినవారికి కూడా అదే శిక్ష అని 188వ సెక్షను చెబుతోంది. మత్తులో జరిగిన ప్రమాదంలో సొంత బండికి కలిగిన నష్టాన్ని సాధారణ బీమా పాలసీ భరించదు. గాయపడినవారికి బీమా సంస్థ పరిహారం చెల్లించినా, దానిని తిరిగి యజమాని నుంచే రాబట్టుకునే ప్రయత్నం చేయవచ్చు. ఎకరం పొలం అమ్మినా తీరని భారం అది.

లైసెన్సు సంగతి
బండి చేతికి వచ్చినంత మాత్రాన కేసు ముగిసినట్లు కాదు. పోలీసులు లైసెన్సును స్వాధీనం చేసుకొని రవాణా శాఖకు పంపవచ్చు. వాదన విన్న తరువాత తొలి నేరానికి మూడు నెలలు అనర్హుడిగా ప్రకటించే అధికారం లైసెన్సింగ్ అధికారికి ఉంది. రెండోసారైతే లైసెన్సునే రద్దు చేయవచ్చు. ఆ ఉత్తర్వుపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ గడువులో బండి నడిపితే మరో నేరం అవుతుంది. ఆటో, లారీ నడిపి బతికేవారికి మూడు నెలలంటే జరిమానా కంటే పెద్ద శిక్ష.

వదిలేస్తే వేలమే
జరిమానాకు భయపడి, బండి విలువ తక్కువని భావించి కొందరు స్టేషను వైపు వెళ్లడమే మానుకుంటున్నారు. హక్కుదారు తెలియని ఆస్తిపై ఆరు నెలల్లో ముందుకు రావాలని కోర్టు ప్రకటన ఇవ్వవచ్చు. ఎవరూ రాకపోతే బండి వేలానికి వెళుతుంది. బండి పోయినా నిందితునిపై కేసు, యజమానిపై ఫైనాన్సు వాయిదాలు అలాగే ఉంటాయి.

ఈ తిరుగుడంతా ఒక రాత్రి చేసిన పొరపాటు ఫలితం. విందుకు వెళ్లేటప్పుడే తాళం ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించుకుంటే స్టేషనుకు, కోర్టుకు, రవాణా కార్యాలయానికి కాళ్లరిగేలా తిరగవలసిన పని ఉండదు. బండిని కోర్టు తిరిగి ఇప్పించగలదు. రోడ్డుపై పోయిన ప్రాణాన్ని మాత్రం ఏ ఉత్తర్వూ తిరిగి తేలేదు.