అలేసియా స్థలనిర్ణయము

ఫ్రాన్సుదేశమున బుర్గుండీసీమయందు ఓజ్, ఓజరేన్ అను రెండేఱుల నడుమ ఓస్వా కొండ కలదు. దాని వాలునందలి చిన్నయూరు అలీజ్-సేంత్-రేన్. ఇందు రేన్ యన క్రైస్తవసాధ్వి పేరు, పూర్వపదమే ప్రాచీనము. క్రీ. పూ. 52 లో గాలుల నాయకుడు వెర్సింజెటోరిక్సు రోమనుసేనాని సీజరునకు లొంగిన అలేసియాదుర్గ మిదియేయని కొందఱు, ఫ్రాంష్-కోంతేసీమలోని అలేజ్ గ్రామమని కొందఱు 19వ శతాబ్దమున వాదించిరి. ధ్వనిసామ్యము రెంటికిని గలదు గాన వ్యుత్పత్తిమాత్రమున నిది తేలదు. 1839 లో నీకొండపై దొరకిన గాలుభాషాశాసనము లాటినులిపిలో నున్నది. అందు 'అలిసియా' యను స్థలనామము స్పష్టము. దీనివలన పేరు స్థిరపడెనే గాని ముట్టడి స్థిరపడలేదు. మూడవ నెపోలియను 1861 మొదలు 1865 వఱకు త్రవ్వింపగా ముట్టడికందకములు బయల్పడెను. 1865 లో నిలిపిన వెర్సింజెటోరిక్సు విగ్రహమున నాచక్రవర్తి పోలికలు గలవందురు. అది వేఱు మాట. 1991-97 నడుమ ఫ్రెంచి, జర్మను పండితులు మరల త్రవ్వి యాకందకములనే గుర్తించిరి.