మకాన్ పోయినోడు ఏ సినిమాలో ఉన్నాడు?

2008 సెప్టెంబర్ 15న న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. 158 ఏళ్ల పాత బ్యాంకు. అప్పులు 60 వేల కోట్ల డాలర్లకు పైమాటే. మర్నాడే ఏఐజీ అనే బీమా కంపెనీ కూలిపోకుండా అమెరికా ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల కర్జ్ ప్రకటించింది. అక్టోబర్ 3న బ్యాంకులను ఆదుకోడానికి 70 వేల కోట్ల డాలర్ల చట్టం వచ్చింది. తవారీఖ్ కితాబుల్లో ఈ తేదీలన్నీ ఉంటాయి. అదే సమయంలో ఇల్లు జప్తయి సామాను రోడ్డు మీద పడ్డ లక్షల కుటుంబాలకు మాత్రం ఒక తేదీ అంటూ లేదు.

ఈ ముసీబత్ మీద హాలీవుడ్ చాలా సినిమాలు తీసింది. అన్నిటినీ ఒకే సవాల్‌తో చూశాను: ఇల్లు పోయినవాడు తెర మీద ఎంతసేపు ఉన్నాడు? ('ద వుల్ఫ్ ఆఫ్ వాల్‌స్ట్రీట్' ఇందులో లేదు. అది అంతకు ముందు జమానా కథ. పైగా పిల్లలతో కూర్చుని చూసేది కాదు.)

ముందు అసలు జరిగిందేమిటో క్లుప్తంగా చెప్తాను. తిరిగి కట్టలేనివాళ్లకు కూడా అమెరికాలో ఇంటి కర్జ్ ఇచ్చారు. మొదటి రెండేళ్లు సూద్ తక్కువ, ఆ తర్వాత కిస్తీ అమాంతం పెరిగేది. అప్పిచ్చినవాళ్లు ఆ కాగితాలను తమ దగ్గర పెట్టుకోలేదు. అవి వేలకొద్దీ చేతులు మారి, మూటలుగా కట్టబడి ఇన్వెస్టర్లకు అమ్ముడుపోయాయి. ఆ మూట మీద 'ట్రిపుల్ ఏ' ముద్ర వేసింది రేటింగ్ ఏజెన్సీలు. ఆ ముద్రకు ఫీజు ఇచ్చింది ఎవరు? మూట కట్టి అమ్మేవాళ్లే!

జె.సి. చాండర్ తీసిన 'మార్జిన్ కాల్' (2011) ఈ మూటలమ్మే ఒక బ్యాంకులో ఒక రాత్రి కథ. బ్యాంకు పేరు చెప్పరు. చాండర్ వాలిద్ సుమారు 40 ఏళ్లు మెరిల్ లించ్‌లో పనిచేశారు. ఆ దఫ్తర్ల గాలి ఈయనకు చిన్నప్పటి నుంచి తెలుసు. తమ దగ్గరున్న సరుకు చెత్త అని రాత్రికి తెలుస్తుంది. తెల్లారి, కొనేవాళ్లకు అనుమానం రాకముందే మొత్తం అమ్మేయాలని పెద్ద సాబ్ హుకుం.

ఇక్కడ మనకు మదీనా బజారు గుర్తు రాకుండా ఉండదు. హుజూర్ (స) ధాన్యం రాశిలో చేయి పెడితే పైన పొడిగా, కింద తడిగా ఉన్న వాకియా మక్తబ్‌లో అందరం విన్నదే. సరుకులో ఐబ్ ఉంటే కొనేవాడికి కనపడేలా పైనే పెట్టాలి. ఆ సినిమాలో ఒక్కరి జమీర్ కాస్త మూలుగుతుంది, అతను కూడా చివరికి జీతం కోసం ఉండిపోతాడు. ఒక లిఫ్ట్ సీను ఉంది. ఇద్దరు పెద్ద ఆఫీసర్లు తమ గుట్టు మాట్లాడుకుంటూ ఉంటారు, వాళ్ల మధ్యలో నేల తుడిచే ఆమె నిలబడి ఉంటుంది. ఆమె అక్కడ ఉన్నట్టే వాళ్లు అనుకోరు. ఇల్లు పోయే తరగతి మనిషి ఆ సినిమాలో ఆమె ఒక్కతే.

ఆడమ్ మెకే 'ద బిగ్ షార్ట్' (2015) తీరు వేరు. నవ్విస్తూ హిసాబ్ నేర్పుతుంది. ఆంథోనీ బోర్డెన్ అనే షెఫ్ మిగిలిపోయిన పాత చేపలను పులుసులో కలిపి కొత్త వంటకంగా అమ్మడం చూపించి, అదే ఆ మూటల మతలబ్ అంటాడు. తడి ధాన్యం కథే, మసాలా తేడా. (బాత్‌టబ్ సీను కూడా ఉంది, రిమోట్ చేతిలో పెట్టుకోండి.) నాకు నచ్చనిది ఒకటి ఉంది. ఇందులో హీరోలు ఇళ్లు కూలుతాయని పందెం కాసినవాళ్లు. చూసేవాళ్లం కూడా వాళ్లు గెలవాలని ఎదురుచూస్తాం. బ్రాడ్ పిట్ పాత్ర ఒక్కసారి ఆ కుర్రాళ్లను మందలిస్తుంది, అంతే. ఫ్లోరిడాలో ఒక కిరాయిదార్ కనిపిస్తాడు. నెలనెలా కిరాయి కడుతూనే ఉన్నాడు, మాలిక్ మాత్రం కిస్తీ కట్టలేదు. సినిమా చివర్లో అతని కుటుంబం బండిలో బతుకుతూ కనిపిస్తుంది. రెండు గంటల సినిమాలో అతనికి దక్కినవి నిమిషాలే.

'టూ బిగ్ టు ఫెయిల్' (2011) అంతా మంత్రులు, బ్యాంకర్ల ఫోన్లే. 'ఇన్‌సైడ్ జాబ్' (2010) డాక్యుమెంటరీ మాత్రం తప్పక చూడాలి. ఐస్‌లాండ్ బ్యాంకులు భేషుగ్గా ఉన్నాయని 2006లో రిపోర్టు రాసిన కొలంబియా ప్రొఫెసర్‌కు అక్కడి వ్యాపార మండలి 1,24,000 డాలర్లు ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆలిమ్ అమ్ముడుపోతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ డైరెక్టర్ చార్లెస్ ఫెర్గుసన్ ఆస్కార్ అందుకుంటూ, ఒక్క ఫైనాన్స్ అధికారి కూడా జైలుకు పోలేదని వేదిక మీదే అన్నాడు. తర్వాత 2013లో క్రెడిట్ స్వీస్ బ్యాంకు అధికారి ఒకరికి 30 నెలల శిక్ష పడింది. పేరు కరీమ్ సెరాగెల్దిన్, పుట్టింది ఈజిప్టులో. నేరం ఒప్పుకున్నాడు, బేగునా అని నేనూ అనను. అంత పెద్ద తబాహీకి సజా పడ్డ వాల్‌స్ట్రీట్ పెద్ద అధికారి అతనొక్కడే అన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయం.

నా సవాల్‌కు జవాబిచ్చింది '99 హోమ్స్' ఒక్కటే. 2014లో వెనిస్ ఫెస్టివల్‌లో మొదట చూపించారు. డైరెక్టర్ రామిన్ బహ్రానీ, ఇరానీ అమ్మానాన్నల బిడ్డ. 'ద వైట్ టైగర్' తీసింది కూడా ఆయనే. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఒక మేస్త్రీ ఇల్లు జప్తవుతుంది. పోలీసులు గుమ్మంలో నిలబడి కొన్ని నిమిషాలు టైమిస్తారు. అమ్మ, కొడుకు, పరుపులు, బొమ్మలు అన్నీ గడ్డి మీదికి వస్తాయి. బతకడానికి అతను తనను వెళ్లగొట్టిన బ్రోకర్ దగ్గరే పనికి చేరి, వేరేవాళ్ల తలుపులు తడతాడు. ఇక్కడ జాలిమ్, మజ్లూమ్ ఒకే మనిషిలో ఉన్నారు. వాల్‌స్ట్రీట్ ఒక్కసారీ కనిపించదు, అయినా దాని నీడ ప్రతి గుమ్మం మీదా ఉంది.

ఆ నీడ అమెరికాలోనే ఆగలేదు. దుబాయ్‌లో కట్టడాలు నిలిచిపోయి, 2009 నవంబర్‌లో దుబాయ్ వరల్డ్ అప్పుల చెల్లింపుకు గడువు అడిగింది. ఏజెంటుకు కట్టడానికి చేసిన కర్జ్ తీరకముందే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మేస్త్రీలు, కూలీలు పెట్టె సర్దుకుని వచ్చేశారు. 'ఇన్‌సైడ్ జాబ్'లో పని పోయిన చైనా కార్మికులు కాసేపు కనిపిస్తారు. మనవాళ్లు ఈ అయిదు సినిమాల్లో ఎక్కడా లేరు.